ఒక్క సీజన్‌లో 67 గోల్స్ కొట్టిన అమెరికా ఆటగాడు నిజంగా ఉన్నాడా? నెల రోజుల చాయ్ పందెం

తిరుమలగిరి లెఫ్ట్‌వింగ్:

మొన్న ఆదివారం పొద్దున వానకి మా గ్రౌండ్ చెరువైపోయింది. ఆట లేదు, సరేనని అందరం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఎనిమిది మందిమి, అందులో ఐదుగురు ఇంటర్, డిగ్రీ పిల్లలు, కాబట్టి ఎప్పటిలాగే మెస్సీ గొప్పా రొనాల్డో గొప్పా అని మొదలైంది. 2011-12లో స్పెయిన్ లీగ్‌లో మెస్సీ 50 కొట్టాడు, ఇంక దాన్ని ఎవడూ దాటడు అని ఒకడు తేల్చేశాడు. అప్పటిదాకా సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్న మా అంకుల్ (ఒకప్పుడు లైన్స్‌మన్‌గా చేశారు, ఇప్పుడు మా ఆటలకి విజిల్ ఊదేది ఆయనే) తల ఎత్తకుండానే "అమెరికాలో ఒకడు 67 కొట్టాడు, మీ తాతలు పుట్టకముందు" అన్నారు.

ఇక నవ్వులే నవ్వులు. అమెరికావాళ్లకి ఫుట్‌బాల్ అంటే చంకలో పెట్టుకుని పరిగెత్తేది కదా అంకుల్ అని ఒకడు, మీకు చాయ్ ఎక్కింది అని ఇంకొకడు. ఆయనకి కోపం వచ్చింది కానీ పేరు మాత్రం గుర్తు రాలేదు. "స్కాట్లాండ్ నుంచి వచ్చిన పిల్లోడు, ఉక్కు కంపెనీకి ఆడేవాడు, వరల్డ్ కప్‌కి పిలిస్తే రానన్నాడు" అని మాత్రం గట్టిగా చెప్పారు. చివరికి పందెం దాకా వెళ్లింది. ఆయన చెప్పింది నిజమైతే నెల రోజులు ఆదివారం చాయ్ ఖర్చు పిల్లలది, కాకపోతే ఆయనది.

పేరు తెలిసినవాళ్లు చెప్పండి. 67 నిజమేనా? అసలు ఆ లీగ్ లీగేనా, గల్లీ టోర్నమెంటా? నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఆ చివరి మాట. వరల్డ్ కప్‌కి పిలిస్తే ఎవడైనా రానంటాడా?

పాత పేపర్ల మనిషి:

ముందు అంకుల్‌కి చాయ్ ఇప్పించండి, ఉస్మానియా బిస్కెట్లతో కలిపి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

పేరు ఆర్చీ స్టార్క్. 1897 డిసెంబర్‌లో గ్లాస్గోలో పుట్టాడు. మీసాలు రాకముందే ఇంటివాళ్లతో అమెరికా వచ్చేశాడు, న్యూజెర్సీలో కార్నీ అనే ఊరికి. ఈ ఊరి గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. స్కాట్లాండ్‌లోని పేస్లీ ఊరి దారం కంపెనీ అక్కడ మిల్లు పెట్టింది, తర్వాత కర్కాల్డీ నుంచి లినోలియం చేసేవాళ్లు వచ్చారు. మిల్లుల వెంట మనుషులు, మనుషుల వెంట బంతి. ఆ దారం కంపెనీకే ఒక టీమ్ ఉండేది, కంపెనీ వాళ్ల దారం బ్రాండ్ పేరే టీమ్ పేరు, ఓఎన్‌టీ అంటే 'మా కొత్త దారం' అని. 1885, 86, 87లో వరసగా మూడేళ్లు అమెరికన్ కప్ గెలిచింది ఆ దారం కండెలవాళ్లే. అంటే స్టార్క్ దిగేటప్పటికి ఆ ఊళ్లో ఫుట్‌బాల్ కొత్త కాదు, మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ పిల్లలకి ఎలా కొత్త కాదో అలాగ. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, అమెరికా సైన్యంలో ఫ్రాన్స్ వెళ్లొచ్చాడు. 1921లో అమెరికన్ సాకర్ లీగ్ మొదలైనప్పుడు న్యూయార్క్ టీమ్‌లో చేరి, 1924లో బెత్లహెమ్ స్టీల్‌కి మారాడు. మీ అంకుల్ చెప్పిన ఉక్కు కంపెనీ అదే.

అక్కడ మొదటి సీజన్‌లోనే, 1924-25లో, లీగ్ మ్యాచ్‌ల్లోనే 67. తమాషా ఏంటంటే ఆ ఏడాది లీగ్ గెలిచింది వీళ్లు కాదు, ఫాల్ రివర్ అనే టీమ్. బెత్లహెమ్ రెండోది.

ఇప్పుడు మీ పిల్లలకి అసలు సంగతి చెప్పండి. ఆ 67 పాత ఆఫ్‌సైడ్ రూల్ (ఫార్వర్డ్ ముందే అవతలివాళ్ల వెనక చేరి బంతి అందుకోకుండా ఆపే రూల్) కింద కొట్టినవి. ఇప్పుడైతే ఫార్వర్డ్‌కీ గోల్ లైన్‌కీ మధ్య అవతలివాళ్లు ఇద్దరుంటే చాలు, అంటే గోల్‌కీపర్, ఇంకొక డిఫెండర్. 1925 వేసవి దాకా ముగ్గురు ఉండాలి. అంటే కీపర్ కాక ఇద్దరు బ్యాక్‌లు. ఒక బ్యాక్ వెనకాల కాపలా ఉండి, రెండోవాడు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడితే చాలు, ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ టీమ్‌కి ఆడే మెక్‌క్రాకెన్ అనే బ్యాక్ ఈ పనిలో ఎంత ఆరితేరాడంటే, రూల్ మార్చడానికి సగం కారణం అతనే అంటారు. మార్చాక ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో ఒక సీజన్‌లో 1,192 ఉన్న గోల్స్ మరుసటి సీజన్‌కి 1,703 అయ్యాయి, మ్యాచ్‌ల సంఖ్య మాత్రం అంతే. ఎవర్టన్ క్లబ్‌కి ఆడే డిక్సీ డీన్ 1927-28లో కొట్టిన 60 గోల్స్‌ని ఇంగ్లండ్ ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటుంది, అవి కొత్త రూల్ కింద కొట్టినవి. స్టార్క్ 67 తలుపు వేసి ఉన్నప్పుడు కొట్టినవి.

తిరుమలగిరి లెఫ్ట్‌వింగ్:

అన్నా, చాలా థాంక్స్. గ్రూప్‌లో పెట్టేశాను, పిల్లలు ఒక్కడూ నోరెత్తట్లేదు. ఒక్క డౌటు, ఉక్కు కంపెనీ టీమ్ అంటే వాళ్లు పగలంతా కొలిమి దగ్గర పని చేసి సాయంత్రం ఆడేవాళ్లా?

పాత పేపర్ల మనిషి:

మొదట్లో దాదాపు అంతే, ఫ్యాక్టరీ ఉద్యోగుల సరదా ఆట. తర్వాత కంపెనీ పెద్దలకి ఆట పిచ్చి పట్టింది. స్కాట్లాండ్ నుంచి మంచి ఆటగాళ్లని రప్పించి, మిల్లులో ఉద్యోగం అని చూపించి, ఆటకి కూడా డబ్బులిచ్చేవాళ్లు. 1919లో ఆ టీమ్ ఓడెక్కి స్వీడన్ దాకా వెళ్లి ఆడొచ్చింది. స్టార్క్ కాలానికి పూర్తిగా ప్రొఫెషనల్ వ్యవహారమే.

అమ్ముగూడ అల్లుడు:

ఈ ఉద్యోగం, ఆట ముడి మన హైదరాబాద్‌వాళ్లకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. సిటీ పోలీస్ టీమ్ అంటే ఏంటి మరి? 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ బొంబాయి నుంచి ఇక్కడికే వచ్చింది. ఆ టీమ్ కోచ్ రహీం సాబ్ 1963లో పోయేదాకా దాన్ని నడిపారు, ఆయన అసలు బడి పంతులు. ఆడేవాళ్లకి ఒంటి మీద యూనిఫాం ఉండేది, నెలకి జీతం వచ్చేది, అందుకే ఇంట్లోవాళ్లు ఆడనిచ్చేవాళ్లు. జీతం లేకపోతే బంతిని ఇంటి కప్పు మీదకి విసిరేసే నాన్నలే అందరూ.

మా పెదనాన్న కూడా ఆ బాపతే, పోలీస్ కాదు, వేరే డిపార్ట్‌మెంట్, పేరు వద్దు. సెంటర్ హాఫ్. పొద్దున తొమ్మిదింటికి రిజిస్టర్‌లో సంతకం, తొమ్మిదింపావుకి గ్రౌండ్. ఆయన బూట్లు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటాయి. లేసు అడుగు కిందనుంచి రెండు చుట్లు తిప్పి చీలమండ దగ్గర ముడి వేసేవారు, ముడి ఎప్పుడూ బయటివైపే, లోపలివైపు వేస్తే పాస్ వంకర పోతుందట. మోకాలు పోయిన ఏడాదే ఆయన్ని రికార్డు గదిలోకి తోశారు. ఫైళ్ల దుమ్ము దులపడం, కట్టలు కట్టడం. ఇరవై రెండేళ్లు ఆ గదిలోనే. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఆయన ఆడేవారన్న సంగతే తెలియదు. జీతం మాత్రం ఒకటో తారీఖు తప్పలేదు, ఆ మాట ఆయన కూడా ఒప్పుకునేవారు, తిట్టుకుంటూనే.

హాఫ్‌టైం సమోసా:

అంతా బాగుంది కానీ ఒక మాట. గ్లాస్గోలో పుట్టినవాడు, స్కాట్లాండ్ నుంచి తెచ్చుకున్న టీమ్‌మేట్లు, ఇందులో అమెరికా ఎక్కడుంది? అరువు తెచ్చుకున్న రికార్డు కదా. పైగా అవతలి టీమ్‌లు ఏ పాటివో.

పాత పేపర్ల మనిషి:

సమోసా గారూ, రెండో ముక్కకి ముందు జవాబు. ఆ లీగ్ ఎంత గట్టిదంటే స్కాట్లాండ్ క్లబ్‌లు 'అమెరికా బెడద' అని గోల పెట్టాయి, మా ఆటగాళ్లని కాంట్రాక్ట్ ఉండగానే ఎగరేసుకుపోతున్నారని. 1926లో వియన్నా నుంచి హకోవా అనే యూదుల టీమ్ వచ్చి న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో ఆడితే 46,000 మంది వచ్చారు. వాళ్లలో చాలామంది ఆ డబ్బు, ఆ జనం చూసి అమెరికాలోనే ఆగిపోయారు. తర్వాత పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాకి కోచ్‌గా వరసగా రెండు యూరోపియన్ కప్‌లు గెలిపించిన బేలా గుట్మన్ అలా ఆగినవాడే. అదే ఏడాది నేషనల్ ఛాలెంజ్ కప్ ఫైనల్లో బెత్లహెమ్ 7-2తో సెయింట్ లూయిస్ టీమ్‌ని చిత్తు చేసింది, అందులో స్టార్క్ హ్యాట్రిక్, అంటే మూడు గోల్స్. దేశం తరఫున అతను ఆడింది రెండే మ్యాచ్‌లు, రెండూ 1925లో కెనడా మీద. మొదటిది 1-0తో ఓడారు. రెండోది బ్రూక్లిన్‌లో 6-1తో గెలిచారు, అందులో సగానికి పైగా గోల్స్ ఇతనివే.

ఇక మొదటి ముక్క. 1930 వరల్డ్ కప్‌కి వెళ్లిన అమెరికా టీమ్‌లో ఆరుగురు బ్రిటన్‌లో పుట్టినవాళ్లు, కాబట్టి వాళ్లంతా కొని తెచ్చిన ప్రొఫెషనల్స్ అని అప్పటినుంచీ ఒక పుకారు. ఆ ఆరుగురిలో ఇంగ్లండ్ లీగ్‌లో ఆడిన అనుభవం ఉన్నది ఒక్క మూర్‌హౌస్‌కే, అదీ ట్రాన్‌మియర్ రోవర్స్‌కి రెండే మ్యాచ్‌లు. మిగతావాళ్లు ఆటలో పేరు తెచ్చుకున్నది అమెరికా వచ్చాకే. వరల్డ్ కప్ చరిత్రలో అమెరికా మొదటి గోల్ కొట్టిన బార్ట్ మెక్‌గీ కూడా ఎడిన్‌బరోలో పుట్టినవాడే.

అమ్ముగూడ అల్లుడు:

నేనూ ఒకటి కలుపుతా. మా అత్తగారి ఊరు సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కాబట్టి నాకు హక్కుంది. తులసీదాస్ బలరాం అక్కడి పిల్లాడు, ఇంట్లో తమిళం. రహీం సాబ్ చేతిలో పడ్డాడు, తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పేశాడు, 2023లో కన్నుమూసేటప్పటికి ఉండేది కలకత్తా పక్కన ఉత్తరపాడాలో. ఇప్పుడు ఆయన కొట్టిన గోల్స్ అమ్ముగూడవా, కలకత్తావా, తమిళనాడువా? కలకత్తావాళ్లు మావే అంటారు, మేము మావే అంటాం, ఇద్దరూ ఆయన బతికుండగా ఎంత పట్టించుకున్నారో ఆ సంగతి వేరే.

హాఫ్‌టైం సమోసా:

సరే సరే, ఒప్పుకున్నా. పిల్లలతో పాటు నా చాయ్ కూడా రాసుకోండి. కానీ వరల్డ్ కప్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాణిగంజ్ ఉస్తాద్:

అది నేను చెప్తా. నాకు ఫుట్‌బాల్ అంతంత మాత్రమే, పైన పేరు చూసి వెతికితే దొరికింది, ఆ వరల్డ్ కప్‌కి పిలిస్తే అతను వెళ్లకపోవడానికి కారణం బండ్లు రిపేర్ చేసే షెడ్డు. అప్పుడే కొత్తగా మొదలుపెడుతున్నాడు. అది చదివి నేను నిజంగా కుర్చీలోంచి లేచా.

మీరు వింత అంటున్నారు కదా తమ్ముడూ, నాకు ఇందులో వింతే లేదు. లెక్క చూడండి. టీమ్ ఓడ పేరు మునార్గో, జూన్ 13న న్యూజెర్సీ హోబోకెన్ రేవులో ఎక్కితే ఉరుగ్వేలో దిగింది జూలై 1న. పద్దెనిమిది రోజులు ఒక వైపుకే. టోర్నమెంట్ అయ్యాక కూడా అక్కడక్కడ మ్యాచ్‌లు ఆడుతూ, ఆగస్టు 17న బ్రెజిల్‌తో ఆడేదాకా ఇల్లు మొహం చూడలేదు. రెండు నెలల పైన! పైగా అది 1930. ముందటేడాది అక్టోబర్‌లోనే వాళ్ల షేర్ మార్కెట్ కూలింది. ఇతని ఉక్కు టీమ్ ఆ వసంతంలోనే మూతపడింది. అంటే నెల జీతం పోయింది, వయసు ముప్పై రెండు, చేతిలో ఉన్నది షెడ్డు ఒక్కటే.

నేను 2009లో రాణిగంజ్ సందులో షెడ్డు తెరిచాను. అడ్వాన్స్‌కి మా ఆవిడ గొలుసు పోయింది, కంప్రెసర్ అప్పు మీద తెచ్చా. మూడో నెలలో మరదలి పెళ్లికి కరీంనగర్ వెళ్లి నాలుగంటే నాలుగు రోజులు ఉన్నా. పనివాడికి తాళాలిచ్చి, అన్నీ చెప్పే వెళ్లా. పదకొండు ఆటోలు నడిపే ఒకాయన నాకు పెద్ద గిరాకీ, రెండు రోజులు వచ్చి ఉస్తాద్ లేడా అని అడిగి, మూడో రోజు ఎదురుగా ఉన్న షెడ్డులో బండ్లు పెట్టుకున్నాడట. నేను వచ్చేసరికి ఆ పదకొండు బండ్లు రోడ్డుకి అవతలివైపు నిలబడి ఉన్నాయి. మళ్లీ ఇటు రాలేదు. ఇప్పటికీ ఆయన కనబడితే సలాం చెప్తాడు, బండి మాత్రం అక్కడే.

నాలుగు రోజులకే నా గతి అది. రెండు నెలలు ఓడలో పోతే స్టార్క్ ఎదురు షెడ్డువాడు పండగ చేసుకునేవాడు. నన్నెవడైనా ఆ ఏడాది వరల్డ్ కప్‌కి రమ్మంటే ముందు బాకీ ఎవడు కడతాడని అడిగేవాణ్ణి.

పాత పేపర్ల మనిషి:

ఉస్తాద్ అన్నా, పత్రికలవాళ్లు ఇన్నేళ్లుగా ఆ షెడ్డు ముక్కని ఒక వాక్యంలో రాసి దాటేస్తారు, మీరు ఆటోలతో సహా చూపించారు.

అతను వెళ్లకపోయినా టీమ్ తక్కువేం ఆడలేదు. బెల్జియం మీద 3-0, పరాగ్వే మీద 3-0. ఆ రెండో మ్యాచ్‌లో బెర్ట్ పాటనాడ్ మూడూ కొట్టాడు, వరల్డ్ కప్‌లో మొట్టమొదటి హ్యాట్రిక్ అదే, దాన్ని ఫిఫా ఒప్పుకునేసరికి 2006 అయింది. సెమీ ఫైనల్లో అర్జెంటీనా చేతిలో 6-1తో తుక్కు అయ్యారు. స్టార్క్ ఉంటే 6-3 అయ్యేదేమో, గెలిచేవాళ్లని నేనైతే అనను. అతను తర్వాత న్యూయార్క్ పక్కన న్యూవర్క్ అనే ఊరి టీమ్‌కీ, చివర్లో సొంత ఊరు కార్నీలో ఒక టీమ్‌కీ ఆడి ఆపేశాడు. 1985లో పోయింది కూడా ఆ కార్నీలోనే. ఆ ఊరు మాత్రం ఆపలేదు, 1990 వరల్డ్ కప్ అమెరికా టీమ్‌లో గోల్‌కీపర్ మెయోలా, మిడ్‌ఫీల్డ్‌లో హార్క్స్ ఇద్దరూ ఆ వీధుల్లో పెరిగినవాళ్లే.

గోల్‌పోస్ట్ గోపి:

ఆలస్యంగా వచ్చా. వలస ఆటగాళ్ల మాట వచ్చాక జో గేట్‌జెన్స్‌ని వదిలేస్తే ఎలా? హైతీ నుంచి న్యూయార్క్‌కి అకౌంటింగ్ చదవడానికి వచ్చి, ఖర్చులకి హోటల్లో గిన్నెలు కడిగేవాడు, ఆదివారాలు బ్రూక్‌హాటన్ అనే టీమ్‌కి ఆడేవాడు. 1950 వరల్డ్ కప్‌లో అమెరికా తరఫున, జూన్ 29న బ్రెజిల్‌లో బెలో హొరిజోంటెలో ఇంగ్లండ్ మీద 38వ నిమిషంలో తలతో కొట్టిన ఆ ఒక్క గోల్ అతనిదే, 1-0. అప్పటికి అతనికి అమెరికా పౌరసత్వం కూడా లేదు, తీసుకుంటానని ఒక కాగితం మీద రాసిస్తే ఆడనిచ్చారు. ఆ కాగితం ఎప్పుడూ పూర్తి కాలేదు. ఫ్రాన్స్ వెళ్లి కొన్నాళ్లు ఆడి, హైతీకి తిరిగెళ్లి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు పెట్టుకున్నాడు. 1964 జూలైలో అక్కడి నియంత డువాలియే మనుషులు వచ్చి పట్టుకుపోయారు. అతనికి రాజకీయాలే లేవు, ఇంట్లోవాళ్లకి ఉన్నాయి. మళ్లీ కనబడలేదు.

అదే 1950 వరల్డ్ కప్‌లో మన దేశానికి కూడా చోటు వచ్చింది, స్వీడన్, ఇటలీ, పరాగ్వే ఉన్న గ్రూప్‌లో. వెళ్లలేదు. బూట్లు లేక అని అందరూ చెప్పే కథ తర్వాత అల్లింది, అప్పటి ఫెడరేషన్‌కి ఒలింపిక్స్ ముందు వరల్డ్ కప్ ఆనలేదు, అంత దూరం ఎందుకులే అనుకున్నారు. మన పోలీస్ టీమ్ రోవర్స్ వరస మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏడాదే. తలుచుకుంటే నాకు స్టార్క్ వెళ్లకపోవడం కంటే ఇదే ఎక్కువ మండుతుంది. ఆయనకి షెడ్డు ఉంది. మనకేముంది?

తిరుమలగిరి లెఫ్ట్‌వింగ్:

అందరికీ దండాలు. ఈ ఆదివారం వాన లేదు, జరిగింది చెప్పి ఆపేస్తా.

చాయ్ డబ్బులు పిల్లలు కట్టారు, ఉస్మానియా బిస్కెట్లతో సహా. ఉస్తాద్ అన్న రాసింది అంకుల్‌కి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "పదకొండు బండ్లా" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత విజిల్ తీసి, ఇవాళ పాత రూల్‌తో ఆడండి, ముగ్గురు వెనకాల లేకపోతే ఊదేస్తా అన్నారు. మెస్సీ అన్న పిల్లాడే మా సెంటర్ ఫార్వర్డ్. మొదటి పావుగంటలో ఆయన పధ్నాలుగు సార్లు ఊదారు, వాడికే తొమ్మిది. అవతల ఒక్క బ్యాక్ నాలుగడుగులు ముందుకొచ్చి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడటం, వీడు రెండు చేతులూ ఎత్తి అంకుల్ వైపు తిరగడం, ఇదే ఆట. నలభై నిమిషాలు ఆడాం. ఒక్క గోల్ కూడా పడలేదు. ఎనిమిదింటికి క్రికెట్ వాళ్లు వికెట్లు పట్టుకుని వచ్చేశారు.